పలకడం లేదంటే లేనట్టేనా?

సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన మా అక్క మనవడు మొన్న రాత్రి డాబా మీద పడుకుని అడిగాడు. "తాతయ్యా, ఇన్ని నక్షత్రాలున్నాయి కదా, ఒక్కచోట నుంచీ కబురు రాలేదంటే ఇంకెక్కడా ఎవరూ లేనట్టేగా?" ఈ ప్రశ్న పాతదే లెండి. 1950లో ఫెర్మి అనే సైంటిస్టు భోజనాల దగ్గర ఇదే అడిగాడట, వాళ్ళంతా ఎక్కడున్నారని.

నాకు మాత్రం 1996 నవంబర్ 6 గుర్తొచ్చింది. ఆ తుఫాను సంగతి కోనసీమ వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు రోడ్లకడ్డంగా పడున్నాయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. హైదరాబాదులో మా అక్క రోజుల తరబడి ఫోన్ కొడుతూనే ఉంది. మేం పోయామనుకుని ఏడ్చిందట. మేమేమో పడిపోయిన చెట్ల కాయలు కొట్టుకుని ఆ నీళ్ళు తాగుతూ బతికే ఉన్నాం. అక్క భయమూ తప్పు కాదు, వెయ్యిమందికి పైగా పోయిన తుఫాను అది. పోయినోళ్ళ ఇంటి నుంచీ, బతికున్నోళ్ళ ఇంటి నుంచీ ఆవిడకి వినపడింది ఒకటే నిశ్శబ్దం.

పైగా మనం రేడియోలో మాట్లాడటం మొదలెట్టి వందేళ్ళు దాటిందంతే. మన పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరికి లక్ష కాంతి సంవత్సరాలు. 1974లో అరెసిబో నుంచి ఎం13 అనే నక్షత్రాల గుంపు వైపు ఓ కబురు పంపారు. అది చేరడానికే దాదాపు 25 వేల ఏళ్ళు. జవాబుకి ఇంకో 25 వేలు. ధవళేశ్వరం ఆనకట్టకి ఇంకా రెండొందల ఏళ్ళు నిండలేదు, మనకి అప్పుడే విసుగా?

నాకు ఇంకా బలంగా తోచేది వేరే ఉంది. ఒకప్పుడు మా వీధిలో డాబాల మీద దూరదర్శన్ యాంటెన్నాలుండేవి. టవర్ నుంచి వచ్చే తరంగం మన ఇళ్ళకే కాదు, ఆకాశంలోకీ పోయేది. ఇప్పుడో? కేబులు, ఫైబరు. బొమ్మంతా వైరులోనే వస్తోంది. రాడార్లూ సెల్ టవర్లూ ఉన్నాయనుకోండి, అయినా తెలివి పెరిగేకొద్దీ మన చప్పుడు బయటికి పొక్కడం తగ్గేలాగే ఉంది. అక్కడోళ్ళు గట్టిగా అరిచిన కాలమూ ఏ రెండొందల ఏళ్ళో అయితే, ఆ అరుపు మన భూమిని దాటేనాటికి ఇక్కడ రాక్షసబల్లులు తిరుగుతున్నాయేమో!

వెతికేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. 2005లో హైదరాబాదు నుంచి పెద్ద బెలూన్ ఎగరేసి, 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి పట్టి దింపారు. అందులో మూడు కొత్త రకాల బ్యాక్టీరియా దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. పైనుంచి రాలాయో, కింద నుంచే ఎగిరాయో మాత్రం తేలలేదు. తేలనిదాన్ని తేలలేదనే చెప్పారు, అది నాకు నచ్చింది.

ఇదంతా విని మావాడు, "మరి నాయనమ్మకి మీరున్నారని ఎలా తెలిసింది?" అన్నాడు. మా బావ దొరికిన బండల్లా ఎక్కి, మిగతాది నడిచి, వచ్చి చూసెళ్ళాడురా అన్నాను.