మండపం వాకిట్లో హ్యూకెరా వద్దు

కొంచెం పొడవుగానే రాస్తున్నాను, ఓపిగ్గా చివరిదాకా చదవండి. కోపం వస్తే కింద రాయండి, జవాబు చెబుతాను.

మన కల్యాణ మండపం ముందు రంగు ఆకుల మొక్కలు పెట్టాలని వచ్చే కూటంలో తీర్మానం పెడుతున్నారు. పెట్టండి, సంతోషం. కానీ ఆ మొక్క హ్యూకెరానే కావాలంట! పది రోజులుగా గుంపులో అవే ఫోటోలు. ఊదా ఆకు, నారింజ ఆకు, వెండి పూసినట్టుండే ఆకు. ఫోటో బాగుంది, ఎవరు కాదన్నారు? మొక్క మాత్రం మోర్ధానాలో బతకదు. బతకని మొక్కకు చందా డబ్బు పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఎందుకు బతకదో చెబుతాను. హ్యూకెరా ఉత్తర అమెరికా మొక్క. 18వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు యోహాన్ హైన్‌రిష్ ఫాన్ హోయ్‌షర్ పేరు మీద లినేయస్ దానికి ఆ పేరు పెట్టాడు. అడవి నీడలో, కొండ రాళ్ల సందుల్లో పెరుగుతుంది. చలికాలమంతా చల్లగా నిద్రపోయి, వసంతంలో మళ్లీ చిగురించడం దాని నడక. మనకు ఆ చలి ఎక్కడుంది? మార్గశిరంలో మనం దుప్పటి కప్పుకుంటామే గాని గిన్నెలో నీళ్లు గడ్డకట్టవు. ఏప్రిల్, మే వచ్చిందంటే వేలూరు, గుడియాత్తం పక్క 40 డిగ్రీలు దాటుతుంది. పగటి ఎండకు నీడ కడతామంటారు, సరే. రాత్రి ఉక్కకు ఏం కడతారు? వాడిపోతోంది కదా అని నీళ్లు ఎక్కువ పోస్తాం. ఆ వేడిలో ఆ తడికి మొదలు కుళ్లిపోతుంది. నీళ్లు పోయకపోతే ఎండి చస్తుంది, పోస్తే కుళ్లి చస్తుంది.

ఒక అన్న అడిగాడు: "మిరపకాయ కూడా అమెరికాదే కదా, అది మన దగ్గర పండలేదా?" మంచి ప్రశ్నే. మిరప వచ్చింది అమెరికాలోని వేడి నేలల నుంచి. అందుకే మన నేలలో ఇంటి బిడ్డలా ఒదిగిపోయింది. మొక్క బయటిదా లోపలిదా అని నేను చూడటం లేదు. మన ఎండకు తట్టుకుంటుందా అని చూస్తున్నాను.

ఇంకో అక్క, వేడికి ఓర్చుకునే హ్యూకెరా రకాలున్నాయని పెట్టింది. ఉన్నాయి. విల్లోసా అనే జాతి నుంచి వచ్చిన రకాలు జార్జియా లాంటి చోట ఎండాకాలపు ఉక్కను కొంత ఓర్చుకుంటాయి. కానీ జార్జియాకు కూడా ఒక చలికాలం ఉంది తల్లీ!

ఇక ఆన్‌లైన్‌లో అమ్మే విత్తనాల పొట్లాల సంగతి. ఫోటోలో నీలం ఆకు చూపిస్తారు. నీలం ఆకుల హ్యూకెరా అనేదే లేదు. పేరున్న రంగు రకాలు చాలావరకు విత్తనంతో తల్లి రంగులో రావు. వాటిని ల్యాబుల్లో టిష్యూ కల్చర్‌తో పెంచి అమ్ముతారు. పొట్లం కొన్నవాళ్లకు మిగిలేది పొట్లమే.

న్యూజెర్సీలో, వర్జీనియాలో ఉన్న మన పిల్లలు ఇది చదువుతుంటే, మీరు మాత్రం పెట్టుకోండి. అది ఆ నేల మొక్క. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ పడే చోటు చూడండి. నీళ్లు నిలవని మట్టి కావాలి. మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. మంచుకు నేల ఉబ్బి మొక్క పైకి లేస్తే మళ్లీ అదిమి, ఆకుచెత్త కప్పండి. పాత ఆకులు చలి ముందు కోయొద్దు, వసంతం మొదట్లో తీయండి. మూడు నాలుగేళ్లకోసారి తవ్వి విడదీసి నాటండి. మీరు అక్కడ మల్లె కుండీని చలికి ఇంట్లోకి మోసుకుపోయే కష్టం ఏమిటో మీకు తెలుసు. ఇక్కడ మమ్మల్ని ఆ కష్టం తలకిందులుగా పడమంటున్నారు, అంతే.

మరి మండపం ముందు ఏం పెట్టాలి? ఎండ పడే గోడ పక్కన క్రోటన్. ఎండ ఉంటేనే దానికి రంగు. పాలు చర్మానికి మంచిది కాదు గనక పిల్లలకు అందనంత దూరంలో పెట్టాలి. నీడ ఉన్న మెట్ల పక్కన కోలియస్. హ్యూకెరా ఫోటోలో మీరు మెచ్చిన ఊదా, ఎరుపు, పసుపు అన్నీ ఇందులో ఉన్నాయి. పూత కంకి కనబడగానే గిల్లేస్తే గుబురుగా వస్తుంది. మడి అంచుకు ఎర్ర పొన్నగంటి, మధ్యలో ఎర్ర తోటకూర. చూడటానికి రంగు, వండుకుంటే కూర. ఒక వరస కనకాంబరం వేస్తే పెండ్లికి వచ్చిన ఆడబిడ్డల తలలో పువ్వు. ఒక మూల వాము ఆకు, పిల్లల దగ్గుకు.

వీటిలో ఎక్కువ భాగానికి ఖర్చు లేదు. కొమ్మ విరిచి గుచ్చితే వేరు పట్టేవే. ఇక్కడే నా అసలు బాధ. ఇంతకుముందు కొమ్మ కావాలంటే పక్కింటికి పోయి అడిగేవాళ్లం. "అత్తా, ఒక కొమ్మ ఇస్తావా" అనే మాటతో రెండిళ్ల మధ్య దారి నడిచేది. ఇప్పుడు పక్కింటి మొక్క పేరు తెలియదు, పెట్టెలో వచ్చే మొక్క పేరు తెలుసు. సంఘం ఉండేది ఇళ్లను కలపడానికి గదా, పార్సిళ్లు తెప్పించడానికా?

నీళ్ల సంగతి కూడా ఆలోచించండి. 2021 నవంబరులో మోర్ధానా డ్యాము పొర్లి, కౌండిన్య గుడియాత్తం ఇళ్లలోకి ఎట్లా వచ్చిందో చూశాం. అదే ఏరు ఎండాకాలంలో ఇసుక చూపిస్తుంది. ఆ రెండింటికీ ఓర్చే మొక్కలే మన వాకిలికి సరి. బోరు నీళ్లు పోసి చలిదేశపు మొక్కను చంపడం దేనికి?

కాబట్టి నా కోరిక ఇది. హ్యూకెరా తీర్మానం వెనక్కి తీసుకోండి. ఆడి నెల వానలు మొదలవగానే ఇంటికొక కొమ్మ తెండి, ఏ ఇంటి కొమ్మో పలక రాసి పెడదాం. చందా డబ్బుతో ఒక నీళ్ల తొట్టి కట్టిద్దాం. కాదనేవాళ్లు కూటానికి వచ్చి చెప్పండి, నేను ముందు వరసలోనే ఉంటాను.