ఎస్టిమేటర్ "తెలీదు" అనదు

ఈమధ్య ఓ మీటింగులో మళ్ళీ అదే మాట విన్నాను: "సాఫ్ట్‌వేర్ ఉందిగా, ఇంక ఎన్‌కోడర్ దండగ కదా?" బరువులెత్తే హాయిస్టుకి పెట్టే ఇండక్షన్ మోటారు గురించి ఆ చర్చ. మోటారు ఎంత వేగంగా తిరుగుతోందో షాఫ్టుకి తగిలించిన ఎన్‌కోడర్ చెప్తుంది. అది తీసేస్తే ఖరీదు, వైరింగు, రిపేర్లు అన్నీ మిగుల్తాయి. స్పీడు లెక్కగట్టే కోడు రాసేది నేనే కాబట్టి ఎగిరి గంతెయ్యాలి. కానీ నేనే వద్దన్నాను.

ముందు ఈ విద్య గొప్పదనం ఒప్పుకోవాలి. 50 హెర్ట్జ్ మీద నడిచే నాలుగు పోల్స్ మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. లోడు పడితే రోటర్ మాత్రం ఏ 1440 దగ్గరో ఉంటుంది. ఆ వెనకబాటే స్లిప్. మోటారుకిచ్చే వోల్టేజీ, అది లాక్కునే కరెంటు చూసి, సెన్సర్ లేకుండానే ఈ స్పీడు పట్టెయ్యచ్చు. పంపులకీ ఫ్యాన్లకీ ఇది చాలు. అక్కడ ఎన్‌కోడర్ నిజంగానే దండగ.

చిక్కల్లా బాగా నెమ్మదిగా తిరిగేటప్పుడే. అప్పుడు వైండింగులో పుట్టే బ్యాక్ ఈఎమ్ఎఫ్ చాలా తక్కువ. అది తెలియాలంటే మొత్తం వోల్టేజీలోంచి రెసిస్టెన్సు తినేసే వాటా తీసెయ్యాలి. రాగి వేడెక్కేకొద్దీ ఆ రెసిస్టెన్సు డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పటి విలువే కోడులో ఉంటే, 50 డిగ్రీలు వేడెక్కేసరికి 20 శాతం తేడా!

బరువుని మెల్లగా దింపేటప్పుడు ఇంకా ఘోరం. రోటర్ కిందవైపు తిరుగుతుంటే, టార్క్ పైకి పట్టి ఉంచాలి. ఆ రెండిటి మధ్యా ఒకచోట స్టేటర్ ఫ్రీక్వెన్సీ సున్నా అవుతుంది. షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, కరెంటు మాత్రం డీసీలా నిలబడిపోతుంది. అందులో స్పీడు జాడే ఉండదు. లేనిదాన్ని కాల్మన్ ఫిల్టర్ మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది? హై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ ఎక్కించి రోటర్ ఆనవాళ్ళు వెతికే పద్ధతులున్నాయి. కానీ మామూలు రోటర్ ఎటు చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది, దొరికే ఆనవాళ్ళు అంతంతమాత్రమే.

నా భయమల్లా ఒకటే. తనకి తెలియనప్పుడు కూడా ఎస్టిమేటర్ "తెలీదు" అనదు. స్క్రీన్ మీద ఏదో ఒక అంకె ధీమాగా చూపిస్తూనే ఉంటుంది.

అందుకే నామటుకు, బరువు కింద మనిషి నడిచే చోట ఎన్‌కోడర్ ఉండాల్సిందే. నా కోడు దాని పక్కన సాక్షిగా ఉంటే చాలు. ఎన్‌కోడర్ వైరు తెగిపోతే పసిగట్టి బ్రేకు వేయిస్తుంది. అదేం చిన్న ఉద్యోగం కాదు.