సింహావలోకనము

విద్యాసంవత్సరము ముగియగానే కళాశాలల ప్రధానాచార్యులును, విశ్వవిద్యాలయముల ఉపకులపతులును గడచిన యేటి పనులను సింహావలోకనము చేయుట మన దేశమున ఆచారమైనది. ఆచారము మంచిదే. కాని సింహము వెనుదిరిగి చూచునది తన జూలు సొగసు చూచుకొనుటకు గాదు. వచ్చిన త్రోవలో నేమి జరుగుచున్నదో తెలిసికొనుటకు. మన విద్యాధికారుల నివేదికలలో జూలే హెచ్చుగా గన్పట్టుచున్నది. ఎన్ని భవనములు లేచెనో, ఎన్ని ఒడంబడికలు వ్రాసికొనిరో, ఏయే ప్రముఖులు దయచేసిరో యుండును. బోధించుటకు ఎందఱు మిగిలిరో వెదకినను దొరకదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయమునే చూతము. 1918లో నెలకొన్న ఈ విద్యాలయము, ఆంగ్లమేలుచున్న దినములలో దేశభాషలో ఉన్నతవిద్య గఱపి యావద్భారతమునకును క్రొత్త త్రోవ చూపినది. ఆ భాష ఉర్దూ యగుటయు, ప్రజలలో నధికసంఖ్యాకుల భాషయగు తెలుగు బోధనాభాష గాకపోవుటయు వేఱు కథ. 1938లో వందేమాతరము పాడిరని వందలకొలది విద్యార్థులను వెడలగొట్టగా నాగపురము వారికి చోటిచ్చినది. అట్లు నాగపురము చేరినవారిలో నొకరగు పి.వి. నరసింహారావుగారు 1991లో భారత ప్రధానియైరి. ఆ యేటి లెక్కలలో ఆ బాలురను నష్టమున వ్రాయుదుమా, లాభమున వ్రాయుదుమా?

1966లో నాటి ప్రభుత్వము శాసనమును సవరించి ఉపకులపతి డి.యస్. రెడ్డిగారిని తొలగింపజూచెను. ఆ సవరణ చెల్లదని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఉన్నవారిని తొలగించుట కష్టమని తెలిసిన పిదప పాలకులు సులువైన మార్గము కనుగొనిరి కాబోలు, అసలు నియమింపకుండుటయే. 2019 జూలై మొదలు 2021 మే వఱకును, మరల 2024 మే మొదలు అక్టోబరు వఱకును స్థిరమైన ఉపకులపతి లేకయే గడచినది. సచివాలయపు టుద్యోగులు తమ పనులతోబాటు ఈ బరువునుగూడ మోసిరి. తలలేని యింట సంవత్సరపు లెక్క యెవరు చెప్పుదురు? ఎవరిని అడుగుదుము?

అధ్యాపకుల సంగతి యింతకంటె విచారకరము. 2014లో రాష్ట్రమేర్పడిన పిదప పదేండ్లు గడచినను స్థిరనియామకములు పెద్దయెత్తున జరుగలేదు. ఉమ్మడి నియామక మండలి కొఱకు 2022లో శాసనసభ యామోదించిన బిల్లు గవర్నరుకడ చిక్కుపడినది. వృద్ధులు విరమించుచుండగా ఒప్పందముమీది వారు ఏండ్లతరబడి ఆ భారమును మోయుచు వచ్చిరి. పరిశోధన చేయించువాడు లేని శాఖకు ఎన్ని లక్షల యంత్రములు కొన్నను ప్రయోజనమేమి?

2025 మార్చిలో శాఖలయందును, పరిపాలనాభవనమునందును ధర్నాలను, నినాదములను నిషేధించుచు నొక ఉత్తరువు వెలువడినది. తరగతులకు భంగము కలుగరాదనుట న్యాయమే. దానిని మేమును అంగీకరింతుము. కాని 1938ని, 1969ని, 2009ని చూచిన ప్రాంగణమున నోరుమూయుట క్రమశిక్షణ యనిపించుకొనదు. విద్యార్థి యరచుచున్నాడన్న, అతడు వ్రాసిన అర్జీ యెక్కడనో బల్లక్రింద పడియున్నదని అధికారులు శంకింపవలెను.

ఈ యేటి నివేదికలో మొదటి పుటనే శాఖలవారీగా మంజూరైన పదవులెన్ని, నిండినవెన్ని యని ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. దానిని ప్రభుత్వమునకు పంపుటకు ముందు, 1939లో తెఱచిన ఆ గంభీరమైన ఆర్ట్సు కళాశాల మెట్లకడ విద్యార్థుల యెదుట చదువవలెను. ప్రశ్నింపదలచిన పౌరులు తార్నాకనుండి నడచి రాగలరు.