తోడేలుకు విచారణ, మనిషికి మార్కులు

ఫొటో పోటీలకు ఎంట్రీలు పంపే మన పిల్లలు ఈమధ్య పెరిగారు. సంతోషం. అందుకే ఈసారి జడ్జీల గురించి.

2009లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల వైల్డ్‌లైఫ్ పోటీలో, గేటు మీద నుంచి దూకుతున్న తోడేలు ఫొటోకి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. అది అడవి తోడేలు కాదు, మచ్చిక చేసిన తోడేలని అనుమానం వచ్చింది. ఫొటోగ్రాఫర్ కాదన్నాడు. అయినా విచారణ చేసి 2010 జనవరిలో ప్రైజ్ రద్దు చేశారు. జంతువుల్ని మోడళ్లుగా వాడకూడదని రూల్ ఉంది మరి.

2019లో దుబాయ్ హిపా పోటీ. వియత్నాంలో పిల్లల్ని పట్టుకున్న ఒక పేద తల్లి ఫొటోకి 1,20,000 డాలర్లు. తర్వాత ఇంకో ఫొటో బయటికొచ్చింది: ఆ తల్లి చుట్టూ కెమెరాలతో మూగిన ఫొటోగ్రాఫర్లు. నేను నిలబెట్టి తీయలేదని ఇతనూ అన్నాడు. ప్రైజ్ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

సలోన్ పోటీల్లో ఫొటోగ్రాఫర్ పేరు దాచిపెట్టి, ఒక్కో ఫొటోని కొన్ని సెకన్లు స్క్రీన్ మీద చూపిస్తారు, జడ్జీలు మార్కులు వేస్తారు. పేరు దాచడం మంచిదే, ఇంటిపేరు చూస్తే కులం తెలిసిపోయే దేశం మనది. కానీ ఆ కొన్ని సెకన్లలో చూసేదేంటి? కాంపోజిషన్, వెలుగు, ముఖం మీద ముడతలు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని డ్రైనేజీలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఆ ఫొటో కోర్టుకెళితే సాక్ష్యం. పోటీకెళితే, బురద మీద మెరుపు బాగా పడిందని ఇంకో మార్కు!

సుధారక్ ఓల్వే ముంబై సఫాయి కార్మికుల్ని ఏళ్ల తరబడి ఫొటోలు తీశారు. వాళ్లలో ఎక్కువమంది దళితులే. సింగిల్ ఫ్రేమ్ పోటీలో ఆ ఏళ్లకి మార్కు ఏ కాలంలో వేస్తారు? (న్యూస్ ఫొటో పోటీలు కొంత నయం, ఒరిజినల్ ఫైలు, క్యాప్షన్ అడుగుతాయి. అదీ అబద్ధం పట్టుకోడానికే, ఫొటోలో ఉన్న మనిషి కోసం కాదు.)

మీ కాలేజీ ఫెస్ట్‌లో పోటీ మీరే పెడుతుంటే, ఎంట్రీ ఫారంలో మూడు గడులు పెట్టండి. ఫొటోలో ఉన్నవాళ్ల పేరేంటి? పోటీకి పంపుతున్నామని వాళ్లకి చెప్పారా? ప్రైజ్ మనీలో వాళ్ల వాటా ఎంత? జడ్జీల్లో ఒకరిని వాడ నుంచే పిలవండి. చీపురు పట్టుకున్న ఫొటో ముందు ఆ అక్క ఎంతసేపు నిలబడుతుందో, ఏమంటుందో రాసి నాకు పంపండి.