పాత సీసాలపై ఎలుకల సాక్ష్యం

చిన్నప్పుడు వేయించుకున్న ఇంజెక్షన్ నడివయసులో అల్జీమర్స్ తెచ్చిపెట్టగలదా? బ్రిటన్ శాస్త్రవేత్తలకు ఎదురైన ప్రశ్న ఇది. మనుషులపై ప్రయోగించి జవాబు వెతికే వీలు లేదు. దాంతో ఆ పని ఎలుకల మీద పడింది.

ఎదుగుదల లోపించిన పిల్లలకు మృతదేహాల పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన గ్రోత్ హార్మోన్ ఇవ్వడం బ్రిటన్‌లో 1959లో మొదలైంది. 1985 వరకు 1,848 మంది ఈ చికిత్స పొందారు. ప్రియాన్ అనే వికృత ప్రొటీన్‌తో కొంత హార్మోన్ కలుషితమైందని, దానివల్ల ప్రాణాంతకమైన క్రాయిట్స్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధి వస్తోందని బయటపడడంతో దాన్ని ఆపేశారు.

కథ అంతటితో ముగియలేదు. ఆ వ్యాధితో మరణించిన ఎనిమిది మంది మెదళ్లను లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన జాన్ కోలింజ్ బృందం పరీక్షించి, ఫలితాలను 2015లో ప్రకటించింది. అందరూ 36-51 ఏళ్ల మధ్యవారే. అయినా నలుగురి మెదళ్లలో బీటా అమిలాయిడ్ గణనీయంగా పేరుకుపోయింది. అల్జీమర్స్ రోగుల్లో కనిపించే ప్రొటీన్ అది. ఆ వయసులో ఉండాల్సింది కాదు. అదీ హార్మోన్‌తోపాటే వచ్చిందా?

భద్రపరిచి ఉన్న పాత సీసాలను బృందం తెప్పించింది. కొన్నింటిలో ఆ ప్రొటీన్ దొరికింది. ఆ మందును, మనిషి తరహా అమిలాయిడ్ తయారయ్యేలా జన్యువు మార్చిన ఎలుకల మెదళ్లలోకి ఎక్కించారు. పోల్చి చూడడానికి మరికొన్ని ఎలుకలకు కృత్రిమ హార్మోన్ ఇచ్చారు. పాత మందు అందుకున్న ఎలుకల మెదళ్లలో, రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ పేరుకుంది. కృత్రిమ హార్మోన్‌తో ఆ ప్రభావం కనిపించలేదు. ఈ ఫలితాలు 2018లో వెలువడ్డాయి.

ఇదంతా పాలలో తోడు వేయడం లాంటిదే. వంకరగా ముడుచుకున్న ప్రొటీన్ కాస్త చేరితే చాలు, పక్కనున్న అదే రకం ప్రొటీన్‌ను తన దారికి తెచ్చుకుంటుంది. పార్కిన్సన్స్‌లోనూ ఇదే తీరు. 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వర్జీనియా లీ బృందం మామూలు ఎలుకల మెదడులో ఒకచోట ఆల్ఫా సిన్యూక్లిన్ పోగులు ఎక్కించింది. వికృతి అక్కడితో సంబంధమున్న భాగాలకు పాకింది. డోపమైన్ కణాలు నశించాయి. కదలికలు దెబ్బతిన్నాయి.

అయితే ఎలుక మెదడులో అమిలాయిడ్ కనిపించినంత మాత్రాన దానికి అల్జీమర్స్ వచ్చినట్లు కాదు. మనుషుల సంగతి 2024లో తెలిసింది. ఆ హార్మోన్ తీసుకున్నవారిలో ఐదుగురికి 38-55 ఏళ్ల మధ్యే డిమెన్షియా లక్షణాలు మొదలైనట్లు కోలింజ్ బృందం వెల్లడించింది. దానికి హార్మోనే కారణమని తేల్చడానికి ఐదుగురు చాలరన్నది విమర్శకుల వాదన.

భారత్‌లో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023 నాటి అంచనా. వారి కుటుంబాలు కంగారుపడనక్కరలేదు. రోగిని తాకితేనో, సేవ చేస్తేనో అల్జీమర్స్ అంటుతుందనడానికి ఆధారం లేదు. జాగ్రత్త పడాల్సింది ఆస్పత్రులే. ఇలాంటి ప్రొటీన్లు లోహానికి గట్టిగా అంటుకుంటాయి. మెదడు శస్త్రచికిత్సల పరికరాలను శుభ్రం చేసే పద్ధతులు వాటికి సరిపోతాయో లేదో మరోసారి చూసుకోవాలన్నది ఈ ఎలుకలు చేసిన హెచ్చరిక.