వీడియో కూర్పు నేర్చువారు పాఠముల నెన్నుకొను విధము

గడచిన సంవత్సరము మన పాఠశాల ఆటలపోటీల చిత్రమును కూర్చుటకు పై తరగతి విద్యార్థి యొకడు పూనుకొనెను. తండ్రి రుసుము చెల్లించి యిప్పించిన వీడియో ఎడిటింగు పాఠముల నన్నిటిని అతడు కడవరకు చూచియుండెను. అక్షరములు తిరుగుచు వచ్చుట, ఒక బొమ్మ కరగి మఱియొక బొమ్మ యగుట మొదలగు చమత్కారము లతనికి కరతలామలకములు. కాని రెండు గంటలపాటు తీసిన వీడియోను ఎదుట నుంచుకొని, దేని నుంచవలెనో, దేనిని తీసివేయవలెనో తోచక మూడు దినములు వృథాపుచ్చెను. తప్పు బాలునిది కాదు, పాఠములది. తండ్రి ధనమును, బిడ్డ కాలమును ఇట్లు వ్యర్థము కాకుండుటకై నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన తెలుగు చలనచిత్రములలో ఎడిటింగునకు ‘కూర్పు’ అను చక్కని మాట వాడుకలో నున్నది. కూర్పనగా మీటలు నొక్కుట కాదు. ఏ క్షణమున ఒక దృశ్యమును విడిచి వేఱొకదానికి పోవలెనో నిర్ణయించుట. అమెరికా దేశస్థులగు వాల్టర్ మర్చ్ గారు ఫిలిమును చేతితో కోసి అతికించు దినములలో పని నేర్చినవారు. 1996లో వెలువడిన ‘ది ఇంగ్లీష్ పేషెంట్’ కూర్పు నడుమ వారు ఎవిడ్ అను కంప్యూటరు సాధనమునకు మారిరి. ఆ కూర్పునకు ఆస్కార్ బహుమానము లభించెను. 2003 నాటి ‘కోల్డ్ మౌంటెన్’ను ఫైనల్ కట్ ప్రోతో కూర్చిరి. సాధనములు మారినను వారి విద్య మారలేదు. మంచి కోతకు వారు చెప్పిన ఆరు లక్షణములలో, చూచువాని హృదయమున కలుగు భావమునకే నూటికి 51 పాళ్లు ఇచ్చిరి. 2011లో ఏపిల్ కంపెనీవారు ఫైనల్ కట్ ప్రోను సమూలముగ మార్చినప్పుడు అనుభవజ్ఞులు సైతము కలవరపడిరి. మీటల స్థానము మాత్రమే నేర్చినవాని గతి యేమని చెప్పవలెను?

కావున పాఠముల నెన్నుకొనుటకు ముందు నాలుగు సంగతులు విచారింపవలెను. మొదటిది, విద్యార్థి స్వయముగ కోసి కూర్చుటకు తగిన వీడియోను పాఠముతోకూడ ఇచ్చుచున్నారా? రెండవది, ‘ఇచట కోయుము’ అనుటయేగాక, ఏల కోయవలెనో బోధకుడు చెప్పుచున్నాడా? మూడవది, చమత్కారములకంటె ముందు ఫైళ్లను క్రమముగ భద్రపఱచుటయు, ధ్వనిని సరిచేయుటయు నేర్పుచున్నాడా? నాలుగవది, ఆ పాఠము మన కంప్యూటరులోనున్న సాఫ్టువేరు వెర్షనునకు చెందినదేనా?

వెల హెచ్చైనది ఉత్తమమనియు, ఉచితమైనది అల్పమనియు తలంపరాదు. డావిన్సీ రిజాల్వ్‌ను తయారుచేయు బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వారు ఆ సాఫ్టువేరు నొక రూపమున ఉచితముగ నిచ్చుటయేగాక, శిక్షణ గ్రంథములను, అభ్యాసమునకు వలయు వీడియోలను గూడ వెల లేకయే ఇచ్చుచున్నారు. కేడెన్‌లైవ్, షాట్‌కట్ అను సాఫ్టువేరులును ఉచితములే. అయినను బోధకుడు విద్యార్థి కూర్పును స్వయముగ చూచి తప్పులు దిద్దునేని, అట్టి బోధనకు రుసుము చెల్లించుట న్యాయమే. వెలయిచ్చి కొనదగినది ఆ దిద్దుబాటే.

ఆ బాలుడు తుదకు పాఠములను ప్రక్కన బెట్టి, పరుగుపందెపు వీడియోను మాత్రము తీసికొని, ఒక నిమిషపు చిత్రముగ మూడుమారులు కూర్చెను. ప్రతిమారును తోటివారికి చూపి, ఎచట వారి కన్నులు ప్రక్కకు పోయెనో గమనించెను. మూడవ కూర్పులో కడపటి పరుగువాడు గమ్యము చేరినప్పుడు తరగతి యంతయు చప్పట్లు కొట్టెను.

విద్యార్థులారా! గట్టున కూర్చుండి ఈత నేర్చినవాడు లేడు. పాఠము చూచిన దినముననే మీ చేతులతో ఒక్క నిమిషమైన కూర్చుడు. మీచే అట్లు పని చేయించునదే మంచి పాఠము.