సిస్టర్ అలసటకు కొలబద్ద ఏది?

కిందటేడు మా అత్తగారిని ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేర్చాం. వారం రోజులూ తోడుగా నేనే ఉన్నాను. రాత్రి డ్యూటీ సిస్టర్ ఒకావిడ "పద్నాలుగూ, మాత్రలు వేసుకున్నారా?" అని కేకేసేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఉండబట్టలేక, "పెద్దావిడ కదా సిస్టర్, పేరు పెట్టి పిలవచ్చుగా" అన్నాను. సెలైన్ బాటిల్ మారుస్తూ, "పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక ఎప్పుడో పోయిందమ్మా" అంది.

పొగరనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, దీనికి 'బర్న్ అవుట్' అని పేరుందని. 1974లో అమెరికాలో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరు మహిళలు దాన్ని కొలవడానికి 22 అంశాల ప్రశ్నావళిని ప్రకటించారు. అది మూడు సంగతులు చూస్తుంది. మనసు అలిసిపోవడం, ఎదుటివారిని మనిషిగా కాక వస్తువులా చూడటం, 'నావల్ల ఏమవుతుందిలే' అన్న నిరాశ. 'పద్నాలుగు' అన్న పిలుపు ఆ రెండోదేనేమో! ఇది జబ్బు కాదనీ, పనిచేసే చోట తీరని ఒత్తిడి వల్ల వచ్చేదనీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది.

మరి ఆ సిస్టర్‌ను ఎవరూ అడగలేదా? అడిగారు. మేం ఉండగానే నర్సులందరికీ ఓ కాగితం పంచారు. పైన పేరు, స్టాఫ్ నంబరు. కింద అనువాదపు తెలుగులో ప్రశ్నలు. "భావోద్వేగపరంగా రిక్తత అంటే ఏంటమ్మా?" అని నన్నడిగింది. కథలు రాసే నేనే కాస్త తడుముకున్నాను. అర్థం చెప్పాక నవ్వేసి, అన్నింటికీ 'ఎప్పుడూ లేదు' అని రెండు నిమిషాల్లో టిక్కులు కొట్టేసింది. అదేమిటంటే, "పేరు రాయమన్నారుగా! మేట్రన్ గారి చేతికే వెళ్తుంది" అంది. ఆ కాగితం లెక్కన ఆమె హాయిగా ఉన్నట్టే!

కూరగాయలు కొనేటప్పుడు తక్కెడ సరిగా ఉందో లేదో చూస్తాం కదా. ప్రశ్నావళికీ అంతే. ముందు నర్సులతో కూర్చుని, వాళ్ల మాటల్లోంచే ప్రశ్నలు తీయాలి. 'డ్యూటీ దిగాక పిల్లలు పలకరించినా విసుగొస్తుందా?' అంటే ఎవరికి అర్థం కాదు? ఇంగ్లీషు నుంచి తెచ్చుకుంటే, ఆ తెలుగును ఇంకొకరి చేత మళ్లీ ఇంగ్లీషు చేయించి అర్థం మారలేదని చూసుకోవాలి. కొద్దిమందికి ఇచ్చి, తికమకపెట్టే ప్రశ్నలు సరిచేయాలి. తర్వాత వందలమందిని అడగాలి. పరిస్థితి మారకపోతే రెండు వారాల తర్వాత అడిగినా ఇంచుమించు అదే జవాబు రావాలి. ఎక్కువ అలసిపోయారని తేలినవాళ్లలో నిద్రలేమి, ఉద్యోగం మానేద్దామన్న ఆలోచన కూడా ఎక్కువగా ఉన్నాయేమో పోల్చాలి. అప్పుడే అది నమ్మదగిన కొలత.

ఇంటి చాకిరీ గురించీ అడగాలి, కానీ విడిగా. 2005లో వచ్చిన కోపెన్‌హేగన్ ప్రశ్నావళి సొంత అలసటనూ, పనివల్ల వచ్చే అలసటనూ, తాము సేవ చేసే మనుషుల వల్ల వచ్చే అలసటనూ వేరువేరుగా కొలుస్తుంది. అలా విడదీయకపోతే 'ఇంట్లో ఏవో గొడవలు' అని వార్డు తప్పును సులువుగా తోసేస్తారు.

అన్నిటికంటే ముఖ్యం, కాగితం మీద పేరు ఉండకూడదు. నిజం చెబితే ఉద్యోగానికి ముప్పు రాదన్న ధీమా ఉండాలి. కొలిచాక ఫలితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. ఒక్కొక్కరికి ఎంతమంది రోగులు, వరసగా ఎన్ని నైట్ డ్యూటీలు అన్నది మార్చాలి. ఏటా మే 12న పువ్వులిచ్చి 'సేవామూర్తులు' అని పొగిడితే ఆ అలసట తీరదు.

డిశ్చార్జి రోజున ఆటో ఎక్కాక గుర్తొచ్చింది. అత్తగారి పేరు కోసం అంత దెబ్బలాడానా, వారం రోజుల్లో ఆ సిస్టర్ పేరేమిటని నేను మాత్రం ఒక్కసారైనా అడిగానా?